కాడ లోపలికి, పువ్వు బయటికి

బతుకమ్మ మీద రాతకు కొదవ లేదు. పాటల సంకలనాలున్నాయి, గౌరమ్మ కథలున్నాయి, తెలంగాణ ఉద్యమంలో ఆ పండుగ పోషించిన పాత్ర మీద వ్యాసాలున్నాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించిన తర్వాత ఫొటోలకైతే లెక్కే లేదు. వాటన్నిటిలోనూ బతుకమ్మ అప్పటికే తయారై కనిపిస్తుంది. తాంబాళం నడుమ నిండుగా నిలబడి ఉంటుంది, చుట్టూ ఆడబిడ్డలు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటారు. ఆ పూల గోపురం అసలెట్లా నిలబడిందని అడిగేవాళ్లు తక్కువ. అందులో జిగురు లేదు, మేకు లేదు, లోపల పుల్లల చట్రం లేదు. మోకాలెత్తు బతుకమ్మను ఎత్తుకుని ఊరి నడిమి నుంచి చెరువు కట్ట దాకా గుంతల బాటన నడిచినా వరస చెదరదు. అదే బతుకమ్మ నీళ్లలో వదిలిన కాసేపటికి దేనికది విడిపోయి పూలుగా, ఆకులుగా తేలిపోతుంది. కావలసినంత సేపు గట్టిగా నిలవడం, ఆ తర్వాత ఏమీ మిగల్చకుండా విడిపోవడం. రెండింటినీ సాధించే నేర్పు ఒక్కటే. నా వ్యాసం ఆ నేర్పు గురించి.

పని చెల్కలోనే మొదలవుతుంది. భాద్రపదం చివరికొచ్చేసరికి జొన్న, మక్క, పత్తి చేన్లలో, గట్ల వెంట గునుగు ఏపుగా లేస్తుంది. దాన్ని ఎవరూ విత్తరు. రైతు లెక్కలో అది కలుపు. లేతగా ఉన్నప్పుడు ఆకు కోసి కూర వండుకుంటారు, ముదిరితే పీకి గట్టు మీద పడేస్తారు. ఆ పీకి పడేసిన మొక్కే పండుగ పూట ఇంటికి ముఖ్యమైన సరుకు. దాని వెన్ను తెల్లగా మెరుస్తూ, కొస దగ్గర లేత గులాబీ ఛాయ తేలి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. ఆ రేకుల్లో తడి బహు తక్కువ. అందుకే కోసిన రెండు మూడు రోజులకు కూడా తెలుపు తగ్గదు, బిగువు సడలదు. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని సెలోసియా అర్జెంటియా అంటారు. పెరట్లో పెంచుకునే ముదురెరుపు పట్టుకుచ్చు పువ్వు కూడా ఈ సెలోసియా ప్రజాతిదే. బతుకమ్మలో ఈ రెండూ పక్కపక్కన చేరినప్పుడు, ఒకటి చేనిది, ఒకటి పెరటిది, అక్కాచెల్లెళ్లు కలిసినట్టే ఉంటుంది.

తంగేడు స్వభావం వేరు. రాళ్లూ రప్పలూ ఉన్న మిట్ట నేలల్లో, బాటల పక్కన పొదలు పొదలుగా పెరుగుతుంది. పశువులు పెద్దగా ముట్టవు. దాని చెక్కతో తోళ్లు ఊనడం మన దగ్గర పాత పని. పువ్వు మాత్రం మెత్తన, చిక్కటి పసుపు, గుత్తులుగా పూస్తుంది, తొందరగా వాడుతుంది. తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నది. ఎంపికలో ఎంతో న్యాయముంది. ఎవరి తోటలోనూ పూయని, ఎవరూ నీళ్లు పోయని, కొనుక్కోవాల్సిన పని లేని పువ్వది. భూమి లేని ఇంటి ఆడబిడ్డ కూడా దాన్ని తెచ్చుకుని పేర్చుకోవచ్చు.

ఈ రెండూ లేకుండా బతుకమ్మ లేదనే మాట ఊళ్లలో అందరి నోటా వినిపిస్తుంది. మిగిలినవి తోడు పూలు. బంతి, చామంతి, నీలి కట్ల, చంద్రకాంత, బీర, గుమ్మడి. ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బీర పువ్వు పొద్దుగూకే వేళకు విచ్చుకుంటుంది. కాబట్టి పూలు తేవడమంటే ఏ పువ్వు ఎప్పుడు ఎక్కడ దొరుకుతుందో తెలిసి తిరగడం. చాలా ఊళ్లలో ఈ పని మగవాళ్లది, పిల్లలది. పొద్దున్నే సంచులు పట్టుకుని చేను బాట పడతారు. గునుగును కట్టలు కట్టి తెస్తారు, తంగేడును తువ్వాలలో మూట గట్టి తెస్తారు. ఊరి చుట్టూ ఏ గట్టు మీద ఏముందో పదేళ్ల పిల్లవాడికి తెలిసేది ఈ పండుగ వల్లే. బడి పుస్తకాల్లో ఇంతకంటే మంచి పరిసరాల పాఠం నాకు కనపడలేదు.

ఇంటికొచ్చిన పూలు వెంటనే తాంబాళంలోకి ఎక్కవు. ముందు ఏరాలి. గునుగులో వంకర వెన్నులు, చిన్నవి, ముదిరి గింజ రాలుతున్నవి పక్కకు పోతాయి. మిగిలినవాటిని గుప్పెడు గుప్పెడు తీసుకుని, కొసలు ఒక్క మట్టానికి వచ్చేట్టు నేలకు తట్టి, కాడలను దారంతో చుట్టి, కింది భాగాన్ని కత్తిపీట మీద ఒక్క వేటుతో కోస్తారు. ఇక్కడే చేతి పనితనం బయటపడుతుంది. గునుగు కట్టలన్నీ ఒకే పొడవులో ఉంటేనే వరస వరసగా నిలుస్తాయి. ఒక కట్ట అరంగుళం పొడవైతే అది బయటికి పొడుచుకొస్తుంది, పొట్టిదైతే అక్కడ సందు పడుతుంది, ఆ సందులోంచి పై వరస కుంగుతుంది. తంగేడును కత్తితో కోయరు. గుత్తిని కాడతో సహా గిల్లి, ఆకు దూసేసి పెడతారు. దూసిన ఆకును పారేయరు. దానితో తర్వాత పని ఉంది.

తాంబాళం ఇత్తడిది. కొన్ని ఇళ్లలో సిబ్బి వాడతారు. అడుగున గుమ్మడి ఆకులో ఆముదపాకులో పరుస్తారు. రెండూ వెడల్పాటివి. పళ్లెం అడుగు నున్నగా ఉంటుంది కనుక పూలను నేరుగా పెడితే జారిపోతాయి. ఆకు ఆ జారుడును ఆపుతుంది, కింది వరసకు కాస్త తడిని కూడా అందిస్తుంది. ఆ ఆకుల మీద తంగేడుతో మొదటి వరస గుండ్రంగా వస్తుంది.

కాడ లోపలికి, పువ్వు బయటికి. మొత్తం పనిని నడిపే సూత్రం ఇదొక్కటే. మా పెద్దమ్మ పక్కన కూర్చుని మొదటిసారి పేర్చబోయినవాళ్లందరూ ఆమె నోట ఆ మాట విన్నవాళ్లే. "గట్ల గాదు బిడ్డా, కాడ లోపలికి పోవాలె, పువ్వు బయటికి సూడాలె" అని చెయ్యి పట్టుకుని తిప్పేది. వినడానికి అందం కోసం చెప్పినట్టుంటుంది. కొంచెం గమనిస్తే నిలకడంతా అందులోనే ఉంది. కాడలన్నీ నడిమికి చేరి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. పై వరస బరువు కింది వరస కాడలను నొక్కిపడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ కింది కాడలు మరింత బిగుసుకుంటాయి. అంటే బతుకమ్మ తన బరువుతోనే తనను కట్టుకుంటుంది. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి గోడ లేపే మేస్త్రీ చేసే పనే ఇది. తేడా ఏమంటే ఇక్కడ రాళ్ల చోట పూలున్నాయి.

ఒక్కో వరస పూర్తికాగానే నడుమ ఖాళీ మిగులుతుంది. ఇందాక దూసిన తంగేడాకు, కోసి పడేసిన గునుగు కాడలు, ఏరిపోసిన చిన్న వెన్నులు, రాలిన రేకులు అన్నీ ఆ ఖాళీలోకి పోతాయి. తరిగి, గుప్పెళ్లతో పోసి, అరచేత్తో నొక్కుతారు. ఈ నింపుడు బయటివాళ్లకు కనిపించదు. ఫొటోలో పడదు. కానీ బతుకమ్మ నిలవడమో కూలడమో తేలేది అక్కడే. తక్కువ నింపితే నడుమ కుంగి పై వరసలు లోపలికి పడతాయి. కుప్పగా పోస్తే పూలు బయటికి జారతాయి. నడుమ మట్టం అంచు కన్నా వీసమెత్తు పల్లంగా ఉంచి, కాడలు లోపలికి వాలేట్టు చూసుకోవడం అనుభవం మీదే వస్తుంది. పైగా ఈ పద్ధతిలో చెత్త అనేదే మిగలదు. తెచ్చిన మొక్కలో పువ్వు బయటికి, కాడ లోపలికి, ఆకు నడిమికి పోతాయి. పేర్చడం ముగిశాక వాకిట్లో ఊడ్చడానికి పిడికెడు రేకులు కూడా ఉండవు.

పేర్చే మనిషి కదలదు, తాంబాళం తిరుగుతుంది. ఎడమ చేతి అరచెయ్యి ఎప్పుడూ నడుమ మీద ఉంటుంది, కుడి చేయి పువ్వు పెడుతుంది, మోకాలితో పళ్లేన్ని కొంచెం జరుపుతుంది. ఒక చుట్టు పూర్తయ్యాక దూరంగా జరిగి చూస్తుంది. వరస వరసకూ చుట్టుకొలత కొంచెం తగ్గాలి. ఎక్కడా కొలబద్ద లేదు, దారం పెట్టి చూడరు. ఒక వైపు బరువెక్కితే కంటికి తెలుస్తుంది. వెంటనే రెండు పూలు తీసి అవతలి వైపు దూరుస్తుంది. ఆడపిల్లలకు ఈ కంటి కొలత చిన్ననాడే అలవడే మార్గం ఒకటుంది. పండుగ మొదలయ్యే అమావాస్య అయిన పెత్రమాసకు ముందు వాళ్లు ఆడుకునే బొడ్డెమ్మను పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా, పైకి పోయేకొద్దీ చిన్నదయ్యేట్టు చేస్తారు. మట్టిలో దిద్దుకున్న ఆ ఆకారాన్నే పెళ్లీడుకొచ్చాక పూలలో నిలబెడతారు.

రంగుల వరసలో కూడా ఆలోచన ఉంది. పక్కపక్కన రెండు ముదురు రంగులు రానీయరు. మధ్యలో తెల్ల గునుగు వరస ఒకటి పడితే పైన ఎరుపూ కింద పసుపూ రెండూ వెలుగుతాయి. చూసేది ఎక్కువగా మునిమాపు వేళ, మసక వెలుతురులో కనుక ఆ తెలుపు అవసరం మరీ ఎక్కువ. బంతి బరువైన పువ్వు, దాన్ని కింది సగంలోనే వాడతారు. చామంతి, కట్ల వంటి తేలికైనవి పైకి వెళ్తాయి. శిఖరాన గుమ్మడి పువ్వు. దాని రేకులు అప్పటికి ముడుచుకున్నా ఎవరూ పట్టించుకోరు. నడిమి దుద్దునే గౌరమ్మగా కొలుస్తారు. పక్కన తమలపాకులో పసుపు ముద్దతో చేసిన మరో గౌరమ్మ. అగరొత్తులు గుచ్చుతారు. పెద్ద బతుకమ్మ పక్కన చిన్నదాన్ని తోడుగా పెడతారు.

తొమ్మిది రోజుల నైవేద్యాల జాబితా అందరూ ఎరిగిందే. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో పిండివంట, వెన్నముద్దలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చరు. పేర్చే చేతులకు అదొక విరామం. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి చేతులు బాగా సాగి ఉంటాయి. మొదటి రోజు జానెడున్నది ఆ రోజు మోకాలు దాటుతుంది. హనుమకొండలో వేయిస్తంభాల గుడి ముందర పెత్రమాస నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు నిలబడి చూస్తే ఒక్క బతుకమ్మ ఇంకొకదాన్ని పోలి ఉండదు. వాలు వేరు, వరసల లెక్క వేరు, రంగుల జోడింపు వేరు. ఒక్కో ఇంటి చేతివాటం దూరం నుంచే గుర్తుపట్టగలవాళ్లున్నారు.

ఇక నీళ్ల దగ్గర జరిగేది చూడాలి. నైరుతి వానలు వెనుదిరిగే రోజులవి. చెరువులు నిండి ఉంటాయి. కాకతీయుల నాటి నుంచీ గొలుసుకట్టు చెరువులతో బతికిన నేల మీద, నిండిన చెరువు దగ్గరకు ఊరంతా కలిసి వెళ్లి మొక్కే పండుగ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలోకి దిగి, తాంబాళాన్ని నీటి మట్టానికి వంచి, బతుకమ్మను మెల్లగా జార్చి వదులుతారు. తడి లేని గునుగు తేలిక కనుక గోపురం గోపురంగానే కొంత దూరం తేలుతుంది. నీరు నడిమి నింపుడులోకి చేరగానే పట్టు సడలుతుంది. బరువు వల్ల బిగిసిన కట్టడం, ఆ బరువును నీరు మోసేసరికి విడిపోతుంది. నిలబెట్టిన సూత్రమే విడదీసింది. ఇంతకంటే పొందికైన పనితనం నేను మరే చేతిపనిలోనూ చూడలేదు.

తాంబాళం కడిగి ఇంటికి తెచ్చుకుంటారు. పసుపు గౌరమ్మను పుస్తెలకు, ముఖానికి పూసుకుంటారు. సద్దులు, మలీద పంచుకుని తింటారు. నీళ్లలో మిగిలేవి పువ్వు, ఆకు, కాడ, నూలు దారం. ఈ పూలు చెరువును శుద్ధి చేస్తాయని పండుగ రోజుల్లో చాలామంది రాస్తుంటారు. బతుకమ్మ గొప్పకు ఆ మాట ఆసరా అక్కర్లేదు. నీళ్లకు కీడు చేయనిది నీళ్లకు అర్పించడమే చాలా పెద్ద మర్యాద. ఆ మర్యాదకూ హద్దుంది. ఊరి పెద్ద చెరువులో పదుల బతుకమ్మలు కలిసిపోతాయి కానీ, నగరంలో పారుదల లేని చిన్న కుంటలో వేలకొద్దీ పడితే ఆ పూలే కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి, చేపలకు ఊపిరాడదు. అలాంటి చోట మరునాడే పూలను తీసి ఎరువు గుంతలో వేయడం పండుగలో భాగం కావాలి.

ఇదే చెరువుకు పెత్రమాసకు సుమారు రెండు వారాల ముందు వినాయక విగ్రహాలు వచ్చి ఉంటాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో కరగక అడుగున పేరుకుపోతున్నదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలిచ్చి, 2020లో వాటిని సవరించి, ఆ ప్లాస్టర్‌నూ థర్మోకోల్‌నూ వద్దన్నది. ఖైరతాబాద్ మహాగణపతిని కూడా 2022 నుంచి మట్టితో చేస్తున్నారు. సంతోషించాల్సిన మార్పు. వినాయక చవితి నిబంధనల తోడుతో తిరిగి నేర్చుకుంటున్న పాఠాన్ని బతుకమ్మ ఎప్పుడూ మరవలేదు. ఇప్పుడు మరిచే ప్రమాదంలో పడింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రమాదం రంగు. గునుగు కట్టలను రసాయన రంగు నీళ్లలో ముంచి గులాబీ, ఆకుపచ్చ, ఊదా చేయడం ఇప్పుడు మామూలైంది. పొడి రేకు కనుక రంగు చక్కగా పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ రంగంతా చివరికి చెరువులోనే దిగుతుంది. పసుపు నీళ్లలో ముంచితే గునుగుకు మంచి పసుపు ఛాయ వస్తుంది. ఎండాకాలంలో ఆరబెట్టి దాచిన మోదుగ పూలను మరిగిస్తే నారింజ ఛాయ దొరుకుతుంది. ఎరుపుకు పట్టుకుచ్చు, నీలానికి కట్ల పువ్వు ఉండనే ఉన్నాయి. నన్నడిగితే అసలు రంగే వేయని గునుగు వరసల మధ్య ఈ పూలు వచ్చిన బతుకమ్మకు సాటి లేదు. తెలుపును నమ్మి పేర్చిన చేతికి నేను ఎక్కువ మార్కులేస్తాను.

రెండోది ఎత్తు మీద మోజు. ఎత్తు కోసం లోపల థర్మోకోల్ దిమ్మె, ఇనుప చట్రం, అట్టపెట్టె పెట్టి పైన పూలు అతికిస్తున్నారు. అది చూడ్డానికి బతుకమ్మే. కానీ అందులో పేర్చడం లేదు, అలంకరణ మాత్రమే ఉంది. కాడకు పని లేదు, నింపుడు లేదు, బరువు బిగించడం లేదు. నీళ్లలో వేస్తే పూలు పోయి దిమ్మె తేలుతుంది. చట్రం లేకుండా రెండు జానల ఎత్తు పేర్చిన కొత్తకోడలి పనికి ఉన్న విలువ అలాంటి ఇరవై అడుగుల ప్రదర్శనకు లేదని నా గట్టి అభిప్రాయం. ఇక బజార్లో దొరికే ప్లాస్టిక్ పూల బతుకమ్మ గురించి చెప్పేదేముంది. దానికి చెరువుతో పనే లేదు, అటక మీదికి పోతుంది.

మూడోది అన్నిటికన్నా లోతైనది. చేనులో గునుగే తగ్గుతున్నది. కలుపు మందు కొట్టిన చోట అది మొలవదు. ఒకప్పుడు జొన్నలు, పెసర్లు, కందులు కలగలిసి పండిన చెల్కల్లో ఇప్పుడు పత్తి పరుచుకుంది. మిట్టలు ప్లాట్లుగా మారితే తంగేడు పొదలు పోతున్నాయి. దాంతో పల్లెల్లో కూడా పూలు కొనుక్కోవాల్సిన రోజు వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు విత్తకుండా మొలిచే ఆకుకూరల విలువను ఎన్నో ఏళ్లుగా చెబుతూ వస్తున్నారు. ఆ ఆకుకూరల్లో గునుగూ ఉంది. కూరకు పనికొచ్చే మొక్కే పండుగకూ పనికొస్తుంది. దాన్ని చేను నుంచి పూర్తిగా తుడిచేస్తే రెండూ పోతాయి.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మన ఆడబిడ్డలకు గునుగూ తంగేడూ సులువుగా దొరకవు. చామంతులు, కార్నేషన్లు, అక్కడి రోడ్ల పక్కన పూసే పూలతో పేరుస్తున్నారు. నాకది లోటుగా అనిపించదు. తన చుట్టూ పూసేదాన్ని తెచ్చి పేర్చడమే కదా ఈ పండుగ పద్ధతి. కాడ లోపలికి పోయి, పువ్వు బయటికి చూస్తే చాలు. అక్కడి చెరువుల్లో వేయనీయకపోతే తొట్టిలో వదిలి, మరునాడు ఆ పూలను పెరటి ఎరువులో కలుపుతున్న ఇళ్లున్నాయి. సరైన పనే.

ఒక విన్నపం. పొలమున్నవాళ్లు ఈసారి మందు కొట్టేటప్పుడు గట్టు వెంట ఒక సాలు వెడల్పు వదిలేయండి. సద్దుల దాకా అక్కడ గునుగును ఉండనివ్వండి. నగరంలో ఉన్నవాళ్లు బజారులో రంగు వేయని కట్టలే అడిగి కొనండి, అడిగేవాళ్లుంటేనే తెచ్చేవాళ్లు తెస్తారు. దారం నూలుదే వాడండి. ఇంట్లో పేర్చడం తెలిసిన అవ్వో పెద్దమ్మో ఉంటే ఈ పెత్రమాసకు పిల్లలను, మగపిల్లలను కూడా, ఆమె పక్కన కూర్చోబెట్టండి. నడిమి నింపుడు ఎంత నొక్కాలో ఆమె చెయ్యి చూసే నేర్చుకోవాలి.